ముందు పాఠం చెప్పడం మానాలి మాస్టారూ

మీరు అడిగింది ఇదీ: విశాఖలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్, వచ్చే ఏడాది రిటైర్మెంట్. క్రైమ్ థ్రిల్లర్ రాయాలని ఇరవై ఏళ్ల కోరిక. అరవై పేజీలు రాసి ఇద్దరు స్నేహితులకిస్తే ఇద్దరూ "పాఠంలా ఉంది" అన్నారు. ఈ వయసులో కుదిరే పనేనా, పోలీసు, కోర్టు వ్యవహారాలు ఎక్కడ తెలుసుకోవాలి, పుస్తకం ఎలా వేయాలి?

మాస్టారూ, మీ స్నేహితులు మీకు మేలు చేశారు. నాకు ఆ మాట చెప్పేవాళ్లు లేక ఏడాదిన్నర పోగొట్టుకున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 32 ఏళ్లు బయాలజీ చెప్పాను. చివరి తొమ్మిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌ని. 2017లో రిటైరయ్యాను. ఇప్పటికి మూడు క్రైమ్ నవలలు అచ్చయ్యాయి, నాలుగోది సగంలో మొరాయించింది. పెద్ద పేరేమీ రాలేదు గానీ, ముక్కూ మొహం తెలియనివాళ్లు డబ్బిచ్చి కొని, చదివి, ఫోన్ చేసి మరీ తప్పులు పట్టుకునేదాకా వచ్చాను.

వయసు గురించి ఒక్క ముక్క. నడుం నొప్పి, కళ్లద్దాలు, మనవల సెలవులు, ఇవి తప్ప వేరే అడ్డంకి నాకేమీ కనపడలేదు. నెల తిరిగేసరికి పెన్షన్ పడుతుంది కాబట్టి పుస్తకం అమ్ముడుపోకపోయినా పొయ్యి వెలుగుతుంది. ముప్పై ఏళ్ల కుర్రాడికి ఆ ధైర్యం ఉండదు.

ఇక అసలు జబ్బు సంగతి. నా మొదటి నవల మొదటి డ్రాఫ్టులో రెండో చాప్టర్‌లోనే శవం దొరుకుతుంది. శవం బిగుసుకుపోయి ఉంటుంది. ఎందుకు బిగుసుకుంది? కండరాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం తయారవడం ఆగిపోతుంది కాబట్టి. ఆ సంగతి ఒక డాక్టర్ పాత్ర చేత రెండు పేజీలు చెప్పించాను. పక్కన బొమ్మ గీసి భాగాలు గుర్తించండి అనడం ఒక్కటే తక్కువ. మా ఆయన చదివి "బావుంది" అన్నారు. ఆయన కూడా టీచరే, ఆయనకి బాగానే ఉంటుంది మరి.

వెనక బెంచీ వాడికి అర్థమయ్యేదాకా వదలకపోవడం మనకి ముప్పై ఏళ్ల అలవాటు. చెప్పిందే మూడు రకాలుగా చెబుతాం. చివర్లో ఇంకోసారి గుర్తుచేస్తాం. క్లాసులో అది మంచి గుణమే. కానీ డిటెక్టివ్ నవల కొనుక్కుని చదివేవాడు ముందు బెంచీ మనిషి. మీరు సగం చెప్పేలోపే చెయ్యెత్తుతాడు. చెయ్యెత్తే అవకాశం ఇవ్వకుండా అంతా మీరే చెప్పేశారో, పుస్తకం మూసి ఫోన్ తీస్తాడు.

అదే సన్నివేశం ఆరోసారి రాసినప్పుడు ఇలా వచ్చింది. ఉదయం ఆరుంపావు. భార్య ఏడుస్తూ "అయిదింటికి కూడా నాతో మాట్లాడారండీ" అంటుంది. ఎస్సై శవం చెయ్యి కాస్త పక్కకి జరపబోతాడు. అది కదలదు. కాళ్లూ అంతే. ఎస్సై వాచీ చూసుకుంటాడు, ఏమీ అనడు, బయటికెళ్లి టీ అడుగుతాడు. అంతే. బిగుసుకోవడం మామూలుగా చనిపోయిన ఒకటి రెండు గంటలకి కనురెప్పలు, దవడ దగ్గర మొదలవుతుంది. ఒళ్లంతా పాకడానికి చాలా గంటలు కావాలి. మన ఎండలకి త్వరగా వచ్చి త్వరగా పోతుంది గానీ, గంటంబావులో కాళ్లదాకా రాదు. ఆ సంగతి తెలిసిన పాఠకుడు అక్కడే "దొరికింది" అనుకుంటాడు. తెలియనివాడికి ఎస్సై ఏమీ మాట్లాడకపోవడం గుచ్చుకుంటుంది, పేజీ తిప్పుతాడు. వివరణ నలభై పేజీల తర్వాత ఒక్క వాక్యంలో ఇచ్చాను.

ఈ అరవై పేజీలతో మీరు చేయాల్సిన పని కూడా అదే. ఎర్ర పెన్ను తీసుకుని, పాఠకుడికి మీరు వివరించి చెప్పిన ప్రతి వాక్యం కింద గీత గీయండి. ఫిజిక్స్ వాళ్లు కదా, బుల్లెట్ వెళ్లిన దారి, పడిన ఎత్తు, తాడు బిగువు లాంటివన్నీ లెక్కలతో సహా రాసి ఉంటారని నా అనుమానం. కొట్టేయమనడం లేదు. విడిగా ఒక నోట్‌బుక్‌లోకి మార్చండి. అది మీ కీ. ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు మనం జవాబు తెలిసే ప్రశ్న రాస్తాం కదా, ఇదీ అలాగే. నేను లాంగ్ నోట్‌బుక్‌లో మార్కుల రిజిస్టర్‌లాగ గళ్లు గీసుకుంటాను. నిజంగా ఏం జరిగింది, ఎన్ని గంటలకి, ఎవరికి తెలుసు, పాఠకుడికి ఏ చాప్టర్‌లో తెలుస్తుంది. ఈ నాలుగో గడి నింపడానికే నాకు నాలుగైదు నెలలు పడుతుంది. మొదటి మూడూ వారంలో అయిపోతాయి.

జబ్బు గురించి చాలా చెప్పాను. మనకున్న ఆస్తి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మాస్టారూ, మీరు ఇన్నేళ్లలో ఎన్ని అబద్ధాలు విని ఉంటారు? పోలీసువాళ్లు కూడా అన్ని వినరు. ఒకే అమ్మమ్మ మూడుసార్లు చనిపోయిన లీవ్ లెటర్లు, తండ్రి సంతకం కొడుకు దస్తూరీలో, మధ్యాహ్న భోజనం రిజిస్టర్‌లో పిల్లల కంటే ఎక్కువైన గుడ్లు. అబద్ధం చెప్పే పిల్లాడు అడగని వివరాలు కూడా ఇస్తాడు, వరసగా, ఎక్కడా తడబడకుండా. నిజం చెప్పేవాడు మధ్యలో ఆగుతాడు, "కాదు కాదు, అది మంగళవారం" అని సరిదిద్దుకుంటాడు, అనవసరమైన విషయం ఒకటి జోడిస్తాడు. ఇన్విజిలేషన్ చేసిన ప్రతివాళ్లకీ ఇంకోటి తెలుసు: కాపీ కొట్టేవాడు పేపర్ చూడడు, మనల్ని చూస్తాడు. నా మూడో నవల్లో హంతకుడు పట్టుబడేది అక్కడే. పోలీసులు ఇల్లంతా వెతుకుతుంటే ఇంట్లోవాళ్లందరూ బీరువా వంక చూస్తుంటారు. ఒక్కడు మాత్రం కానిస్టేబుల్ మొహమే చూస్తుంటాడు.

నా మొదటి నవలకి విత్తనం కూడా బడిలోనే పడింది. హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు ఒక కేసులో సాక్ష్యానికి రమ్మని సమన్లు వచ్చాయి. అడ్మిషన్ రిజిస్టర్ పట్టుకుని రమ్మన్నారు. నేరం జరిగిన రోజుకి ఒక పిల్లవాడికి 18 నిండాయా లేదా అన్నది తేలాలి. ఇప్పుడున్న 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 94వ సెక్షన్ చదవండి. వయసు తేల్చడానికి మొదట చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్టు, లేదా టెన్త్ సర్టిఫికెట్టు. అవి లేకపోతే మునిసిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. అంటే ఒకటో తరగతిలో ఏ టీచరో రాసిన ఒక్క తేదీ మీద ఒక మనిషి జీవితం ఆధారపడవచ్చు. ఆ తేదీలు ఎలా రాసేవాళ్లమో మనకి తెలుసు కదా. తండ్రికి తెలియదు, తల్లికి "గాలివాన వచ్చిన ఏడు" అని గుర్తు. అయిదేళ్లు నిండాలి కాబట్టి జూన్‌లో ఏదో ఒక తేదీ వేసేవాళ్లం. మా తరంలో సగం ఊరికి జూన్ నెల్లోనే పుట్టినరోజులు. బోనులో నిలబెట్టి డిఫెన్స్ లాయరు "ఈ తేదీ ఎవరు చెబితే రాశారమ్మా?" అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తేదీ సరైనదే. కానీ సరైనది కాకపోయుంటే? ఎవరైనా డబ్బిచ్చి మార్పించి ఉంటే? అని ఆలోచన మొదలైంది. రిటైరయ్యేదాకా ఆగి, అదే రాశాను.

ఒక జాగ్రత్త. మన పిల్లల జీవితాలు మన సొత్తు కావు. కేసు తీసుకున్నా మనుషుల్ని తీసుకోకండి. ఊరు, కులం, కుటుంబం, ఉద్యోగం అన్నీ మార్చండి. లైంగిక నేరాల బాధితుల్ని గుర్తుపట్టేలా రాయడం నవలని చెప్పుకున్నా పెద్ద చిక్కు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద అది నేరం.

పోలీసు, కోర్టు విషయాలు ఎక్కడ తెలుసుకోవాలన్నారు. కోర్టుకే వెళ్లండి. విచారణ సాధారణంగా బహిరంగంగానే జరుగుతుంది, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం (పోక్సో) లాంటి కేసులు తప్ప. జగదాంబలో ఆటో దిగి జిల్లా కోర్టుకి నడిచి, సెషన్స్ కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోవడానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. ఫోన్ ఆపి, చొక్కా గుండీలు పెట్టుకుని, నోరు మూసుకుని కూర్చుంటే చాలు. నేను ఏడాది పాటు వారానికి రెండు రోజులు వెళ్లాను. మొదటి నెలంతా విసుగు. వాయిదా, వాయిదా, సాక్షి రాలేదు, మళ్లీ వాయిదా. ఆ విసుగే అసలు సరుకని తర్వాత తెలిసింది. నాలుగేళ్ల కిందట చూసిన విషయం సాక్షి ఇప్పుడు చెప్పాలి, మధ్యలో కూతురి పెళ్లి చేశాడు, ఇల్లు మారాడు, ముద్దాయి బావమరిది ఒకసారి వచ్చి టీ ఇప్పించి వెళ్లాడు. ఏ ఉత్కంఠైనా అక్కడే ఉంది. ఈ ఊరి కోర్టుల్లోంచి, బోనెక్కిన పేదవాళ్ల మాటల్లోంచి కథలు తవ్వి తీసిన రావిశాస్త్రి గారు వృత్తికి వకీలన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

తీర్పులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవండి. వర్ణనలు వదిలేసి, కేసు ఎందుకు కొట్టేశారో ఆ పేరాలు చదవండి. పోలీసులు సోదా చేసి వస్తువులు స్వాధీనం చేసుకున్నప్పుడు రాసే మధ్యవర్తుల నివేదిక మీద సంతకం పెట్టిన సాక్షి "స్టేషన్లో పెట్టమన్నారు, పెట్టాను" అనడం, సీసాకి వేసిన సీలు సరిగ్గా లేకపోవడం, ఎఫ్ఐఆర్ మేజిస్ట్రేట్‌కి ఆలస్యంగా చేరడం. ఒక్కో కారణం ఒక్కో నవల.

మన నవలల్లో తరచూ కనిపించే తప్పు ఒకటుంది, మీరూ చేసి ఉంటారు. చివర్లో ఇన్‌స్పెక్టర్ గద్దించగానే హంతకుడు కుర్చీలో కూలబడి అంతా ఒప్పేసుకుంటాడు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 23. కానీ అతను చెప్పిన చోట తవ్వితే కత్తి దొరికిందనుకోండి, ఆ దొరకడానికి సంబంధించినంత వరకు అతని మాట చెల్లుతుంది. ఈ తేడా తెలిస్తే మీ చివరి చాప్టర్ మారిపోతుంది. "ఒప్పుకున్నాడు" దగ్గర కథ ఆగదు, "ఇప్పుడు రుజువు చేయాలి" దగ్గర మొదలవుతుంది. పైగా అరెస్టయిన 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. అంటే గడియారం మీ చేతికి చట్టమే ఇచ్చింది.

సెక్షన్ల విషయంలో ఇంకో మెలిక. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. హత్య ఇప్పుడు పాత శిక్షాస్మృతిలోని 302 కాదు, న్యాయ సంహితలోని 103. కానీ ఆ తేదీకి ముందు జరిగిన హత్య ఈ ఏడాది బయటపడినా అది 302యే. నగరం, జిల్లా తేడా కూడా చూసుకోండి. విశాఖ నగరంలో కమిషనరేట్, ఇక్కడ డీఎస్పీ అని రాయకూడదు, ఏసీపీ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సబ్బవరం అనకాపల్లి జిల్లాకి వెళ్లింది. పెందుర్తిలో చంపి సబ్బవరంలో పడేస్తే మీ ఇన్‌స్పెక్టర్ ఇంకో జిల్లా ఎస్పీ ఆఫీసుకి ఫోన్ చేయాలి. దాన్ని తలనొప్పి అనుకోకండి, వాడుకోండి.

స్టేషన్ లోపలి సంగతులకి నాకు దిక్కు నా పాత విద్యార్థులు. మీకూ ఉంటారు, వెతికితే ప్రతి ఆఫీసులోనూ ఒకడు తేలతాడు. మా తొమ్మిదో తరగతిలో బల్లకింద కూర్చుని జామకాయలు తిన్నవాడు ఇప్పుడు హెడ్ కానిస్టేబుల్. వాడన్నాడు: "టీచర్‌గారూ, సినిమాల్లోలాగ మేం గోడకి ఫొటోలంటించి దారాలు కట్టమండి. కాల్ డేటా ప్రింటవుట్ ముందేసుకుని స్కెచ్ పెన్నుతో గీతలు గీస్తాం. కళ్లు పోతాయి." స్టేషన్లో రైటర్ అనే మనిషి ఎంత ముఖ్యుడో కూడా వాడి దగ్గరే తెలిసింది. రాతపనంతా ఆయన చేతి మీదుగానే నడుస్తుంది, నవలల్లో మాత్రం ఎక్కడా కనిపించడు. ఒక్కటే నియమం పెట్టుకున్నాను. నడుస్తున్న కేసు గురించి ఎప్పుడూ అడగలేదు. వాడి ఉద్యోగం నా నవల కంటే పెద్దది.

ఫోన్లు, సీసీ కెమెరాలు వచ్చాక హత్య దాచడం కష్టమైంది కాబట్టి థ్రిల్లర్ రాయడం కష్టం అంటారు కొందరు. మన ఊరివాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను. కరెంటు లేదు, టవర్లు లేవు, కెమెరాలు లేవు, చెట్లు కూలి దారులు లేవు. ఆ రాత్రి ఎక్కడున్నావని ఎవర్ని అడిగినా ఒకటే జవాబు, ఇంట్లోనే. చెట్టు పడి చనిపోయాడని ఊరంతా అనుకున్న ఒక మనిషి చుట్టూ నా రెండో నవల నడిపాను. మీరు ఇంకేదైనా వెతుక్కోండి, అది నేను వాడేశాను.

ఊరు మనదే కదా, అన్నీ తెలుసనుకుంటాం. అక్కడే బోల్తా పడతాం. ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రంలో మునగడం నేను ఒక నవల్లో చదివాను. మనది తూర్పు తీరం, మన సూర్యుడు కొండల వెనక్కి పోతాడు. నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు, ఎందుకో చివర చెబుతాను. భాష విషయంలోనూ అంతే. మనం బడిలో ముప్పై ఏళ్లు దిద్దిన మాటలే కథలో పనికొస్తాయి. "ఏటయింది", "నాకేటి తెలుసు" అంటేనే ఆ మనిషి జాలరిపేటవాడో పూర్ణామార్కెట్ ముఠా కూలీయో అవుతాడు. "ఏమి జరిగినది" అంటే మనమవుతాం.

అచ్చు సంగతి తొందరగా చెప్పేస్తాను, అందులో రహస్యమేమీ లేదు. గ్రాట్యుటీ డబ్బు ముట్టుకోకండి. ముందు ఆన్‌లైన్ పత్రికలకో, ప్రతిలిపి లాంటి చోట్లకో రెండు మూడు చిన్న కథలు ఇచ్చి చూడండి. నవల వేసేటట్టయితే ముందు తక్కువ కాపీలే. నేను మొదటిది 500 వేయించాను, మంచం కింద ఇంకా రెండు కట్టలున్నాయి. దుకాణాలకి 40 శాతం దాకా కమీషన్ పోయింది. ఐఎస్‌బీఎన్ నంబర్ ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది, దానికి డబ్బు అడిగేవాళ్లని నమ్మకండి. కాపీరైట్ రాసిన క్షణం నుంచే మీది. మీరు యూనికోడ్‌లో టైపు చేసింది డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలోకి మారిస్తే ఒత్తులు చెల్లాచెదురవుతాయి, ప్రూఫులు రెండుసార్లు మీరే చూడండి. నడుం నొప్పికి నేను ఫోన్లో నోటితో చెప్పి టైపు చేయిస్తాను. నా ఫోన్ "శవ పంచనామా" అన్నప్పుడల్లా "శివ పంచనామా" అని వేస్తుంది. ప్రూఫుల్లో ఒకటి తప్పించుకుని అచ్చులోకి కూడా వెళ్లిపోయింది.

ఇక ఆ ఫోన్ కాల్. మొదటి నవల వచ్చిన మూడో నెల, రాత్రి తొమ్మిదింటికి కొత్త నంబర్. ఫిషింగ్ హార్బర్లో బోటు ఉందట ఆయనకి. కూతురు కొన్న పుస్తకం చదివాడట. నేను తొమ్మిదో చాప్టర్‌లో మే నెల అర్ధరాత్రి హార్బర్ నుంచి మరబోటు బయల్దేరదీసి, నడిసంద్రంలో శవం పడేయించాను. ఆయన అడిగాడు: "మే నెల్లో బోటు ఎలాగెళ్లిందమ్మా? ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా వేట బందు కదా?" నా నోట మాట లేదు. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో చేపలు కొంటున్నాను, ఆ రెండు నెలలు ధర ఎందుకు పెరుగుతుందో తెలుసు, అయినా రాసేటప్పుడు తట్టలేదు. ఆయనే మళ్లీ అన్నాడు: "బోట్లన్నీ కట్టేసుంటాయి. వలలు బాగుచేసుకుంటూ మేమంతా అక్కడే పడుంటాం. ఆ రాత్రి ఒక్క ఇంజన్ టార్టయితే పేటంతా లెగుస్తాది. మీ పోలీసోడు మమ్మల్ని ఒక్క మాట అడిగుంటే కేసు ఆ పూటే తేలిపోను."

రెండో ముద్రణ అంటూ వస్తే ఆ చాప్టర్ మారుస్తాను. ఈలోగా మూడో నవల డ్రాఫ్టు ఆయనకే ముందు పంపాను, ఏప్రిల్ 15 దాటాక, ఖాళీగా ఉంటాడని. పన్నెండు తప్పులు పట్టుకున్నాడు. అందులో ఏడు సముద్రానికి సంబంధించినవి కావు.